ఓడినవాళ్ళ లోలాకులు

జులై 15

పనసకాయ పగల్లేదు. మావారి చేతులు మాత్రం రెండూ విరిగాయి.

బావి మెట్టు మీద పాచి పట్టింది, వానలో అటు పోవద్దు అని పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాను. వైకం రేవులో జీవితమంతా పడవ నడిపిన మనిషికి తడి గురించి పెళ్ళాం చెప్పడమా? రాలిన పనసకాయను చంటిబిడ్డలా ఎత్తుకుని వస్తూ జారారు. కాయను వదిలేస్తే ఒక చెయ్యైనా దక్కేదేమో. వదల్లేదు.

రెండు చేతులకీ మోచేతుల దాకా కట్టు. ఓణం దాకా ఇంతే అన్నాడు డాక్టరు. అన్నం నేనే తినిపించాలి, మొహం నేనే కడగాలి, మిగతావి రాయను.

బ్యాంకువాళ్ళు ఇచ్చిన ఈ డైరీ ఖాళీగా పడి ఉంది. ఎవరో ఒకరితో చెప్పుకోకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

జులై 18

రోగిని పలకరించడానికి వచ్చినవాళ్ళు అరటిపళ్ళు తెస్తారు. వీళ్ళు పేక తెచ్చారు.

రేషన్ షాపు దివాకరన్, మంగలి కుంజప్పన్, సైకిల్ షాపు సైనుద్దీన్. ఈ ముగ్గురూ మావారూ కలిసి రోజూ మూడింటికి రేషన్ షాపు అరుగు మీద 'ఇరవై ఎనిమిది' అనే పేకాట ఆడతారు. మావారిదీ దివాకరన్‌దీ ఒక జట్టు, మిగతా ఇద్దరిదీ ఇంకొకటి. ఈరోజు నుంచి ఆట మా వరండాలోకి మారిందట. నన్నెవరూ అడగలేదు.

"ముక్కలు ఎలా పట్టుకుంటావురా వర్కీ?" అన్నాడు దివాకరన్.

"దానికేం? పెణ్ణమ్మ పట్టుకుంటుంది. ఒసేయ్, ఇలా వచ్చి నా పక్కన కూర్చో. నేను చెప్పిన ముక్క వెయ్యి. నువ్వు మాత్రం ఏమీ మాట్లాడకు."

"చేతులు పోయినా నోరు మిగిలింది కదా," అన్నాడు కుంజప్పన్, "ఆ నోరే మాకు దేవుడిచ్చిన వరం."

నాకేమీ కొత్త కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో రిటైరయ్యేదాకా చేసిన పని అదే. ఊరందరి మాటలూ కలిపాను, మధ్యలో నోరు విప్పలేదు.

జులై 21

చేతులకు కూడా కళ్ళుంటాయని మావారికి తెలియదు. నాలుగు రోజుల్లో నాకు ఆట వచ్చేసింది.

ఇందులో అన్నిటికన్నా పెద్దది జాకీ, మూడు పాయింట్లు; తర్వాత తొమ్మిదికి రెండు, ఆసుకీ పదికీ ఒక్కొక్కటి, అన్నీ కలిపితే ఇరవై ఎనిమిది. ముందు తలా నాలుగు ముక్కలే పంచుతారు. వాటిని చూసుకుని పాట. మా జట్టు ఇన్ని పాయింట్లు తెస్తుంది అని పద్నాలుగు నుంచి మొదలుపెట్టి పాడుకుంటూ పోవాలి. ఎక్కువ పాడినవాళ్ళు తురుఫు నిర్ణయించి, ఆ రంగు ముక్కను బోర్లా పెట్టేస్తారు. అదేమిటో మిగతా ముగ్గురికీ తెలియదు, సొంత జట్టువాడికి కూడా. మిగతా నాలుగు ముక్కలు ఆ తర్వాతే. అంటే సగం చేతిని చూసి పూర్తి మాట ఇవ్వాలి. నా పెళ్ళి కూడా ఇలాగే జరిగింది.

ఇంకో నియమం ఉంది. మన జట్టువాడు పాడిన పాట మీద మనమే పాడాలంటే కనీసం ఇరవై అనాలి. 'నీ చేతికన్నా నా చెయ్యి అంత గొప్పది' అని నిరూపించుకోవాలన్నమాట. తెలివైనవాళ్ళు నెలకు ఒకసారి అంటారు. మావారు పూటకు మూడుసార్లు అంటారు. పాపం దివాకరన్ పదహారో పదిహేడో అని కుదురుగా కూర్చుంటాడు, వెంటనే నా చెవిలో "ఇరవై అను" అని గుసగుస.

"ఇరవై," అంటాను నేను.

"వర్కీ, నీ పాపం ఊరికే పోదురా!" అంటాడు దివాకరన్.

పంపకం ఓడిన జట్టు ఒక చింతగింజ ఇచ్చుకోవాలి; ఈరోజు మా చేతిలో ఉన్నవన్నీ పోయాయి. గింజలన్నీ పోతే కుణుక్కు వేసుకోవాలి, అంటే ఓడినవాళ్ళ లోలాకులు. కుంజప్పన్ మా పెరట్లో రాలిన కొబ్బరి పిందెలు ఏరి, దారం కట్టి, దివాకరన్ చెవులకీ మావారి చెవులకీ తగిలించాడు. ఒక గింజ తిరిగి గెలిచేదాకా తియ్యకూడదు. మావారు కట్లతో, లోలాకులతో, మీసంతో కూర్చుని, ముక్కలు నేను సరిగ్గా పట్టుకోలేదని నన్ను తిట్టారు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట.

ఆ లోలాకులతోనే కంజి, అదే గంజన్నం, తినిపించాను. నవ్వాపుకోలేక రెండుసార్లు చెంచా ముక్కుకు తగిలింది.

జులై 27

నొప్పి మాత్ర వేసుకుంటే మావారికి కునుకు వస్తుంది. దివాకరన్ పదహారు అన్నాడు. నా వంతు వచ్చింది. పక్కకు చూస్తే ఈయన గురక.

చేతిలో రెండు జాకీలు. ఆయనైతే ఇరవయ్యే.

"పాస్," అన్నాను.

దివాకరన్ నావంక వింతగా చూశాడు. పాస్ అనే మాట ఆ వైపు నుంచి ఎన్నాళ్ళకు విన్నాడో. పందొమ్మిది తెచ్చి గెలిచాం.

ఈయన లేచి, "నేను చెప్పినట్టే ఆడావుగా?" అన్నారు.

"అక్షరం పొల్లు పోకుండా," అన్నాను.

ఆగస్టు 3

వాపు తగ్గింది. కట్టు బయట వేళ్ళు కాస్త కదులుతున్నాయి. అరటిబోదె ముక్క కోసి, నిలువునా గాటు పెట్టి, అందులో ముక్కలు గుచ్చుకుని తానే ఆడుకుంటున్నారు. వేలితో ఒక్కో ముక్కనూ కొక్కెంలా లాగుతారు. ఇక నేను అక్కర్లేదు. మంచిదే. ఇంట్లో ఎంత పని పేరుకుందో.

కానీ సైనుద్దీన్ కూతురి పురుడని కొండోట్టి వెళ్ళాడు. నాలుగో మనిషి లేడు.

"చేచ్చిని కూర్చోబెడదాం," అన్నాడు కుంజప్పన్. చేచ్చీ అని అక్కలా పిలుస్తాడు గానీ నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు.

"ఇదా?" అన్నారు మావారు.

సైనుద్దీన్ చోట, కుంజప్పన్‌కు జట్టుగా కూర్చున్నాను. ఎవరో ఒకరు కూర్చోవాలి కదా అని. ఆట అంటే సరదా ఉండి కాదు.

ఆగస్టు 4

ఓడిపోయాం. గింజలన్నీ పోయాయి. కుంజప్పన్ తన చెవులకు తానే పిందెలు తగిలించుకున్నాడు. నేను కూడా తల వంచాను.

"అయ్యో, చేచ్చీ, మీకొద్దు!" అన్నాడు దివాకరన్. "ఆడవాళ్ళకు కుణుక్కేమిటి, తప్పు కదా."

"మర్యాద తెలిసిన మనుషులం," అన్నారు మావారు.

నిజమే, మర్యాద గలవాళ్ళు. ఈ వయసులో చెవులకు కొబ్బరి పిందెలు కట్టుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది. తప్పించుకున్నాను.

ఆగస్టు 5

మళ్ళీ ఓడాం. మళ్ళీ కుంజప్పన్ ఒక్కడికే. నాకేమీ అనిపించలేదు.

ఆగస్టు 8

గమనించిన సంగతి ఒకటి. కుంజప్పన్ తప్పు ముక్క వేస్తే దివాకరన్, "ఒరే గాడిదా, క్షవరం చేస్తున్నావా, పేకాడుతున్నావా?" అంటాడు. దివాకరన్ తప్పు వేస్తే మావారు వాళ్ళ తాతల దాకా వెళతారు. ఈరోజు నేను చేతిలో ఆసు ఉండీ ఏడు వేశాను. అంత ఘోరమైన తప్పు ఈ వరండాలో ఎవరూ చెయ్యలేదు.

"పర్లేదు చేచ్చీ," అన్నారు ముగ్గురూ.

చిన్నపిల్లలు ఆడేటప్పుడు మరీ చంటివాణ్ణి ఊరికే చేర్చుకుంటారు చూడండి, దొరికినా వాడు దొంగ కాడు. ఉత్తుత్తి ఆటగాడు. అలా ఉంది.

ఆగస్టు 9

ఆదివారం. చర్చిలో ఫాదర్ ప్రసంగం వినిపించలేదు. కళావర్ తొమ్మిది ఎవరి దగ్గర ఉండి ఉంటుందా అని ఆలోచిస్తున్నాను.

ఆగస్టు 12

ఈరోజు గెలిచాం. అందుకే ఇంత కోపం.

నేను పదిహేను అన్నాను. మావారు పాస్. దివాకరన్ పాస్. గెలిచి చింతగింజ తీసుకున్నాం. ఎంత పొంగిపోయానో! పాడిన పాయింట్లు రాగానే ఆట ఆపి, తర్వాతి పంపకానికి ముక్కలన్నీ పోగుచేస్తూ చూస్తే, మావారి దగ్గర మిగిలిన ముక్కల్లో డైమన్ జాకీ, డైమన్ తొమ్మిది, ఇస్పేటు జాకీ.

"మొదటి నాలుగింట్లోనే వచ్చాయా ఇవి?" అన్నాను.

ఆయన కొబ్బరిచెట్టు వంక చూశారు.

"మిమ్మల్నే. ఇవి చేతిలో పెట్టుకుని పాస్ అన్నారా? ఇంతకన్నా పనికిమాలిన చేత్తో కూడా ఇరవై అనే మనిషి!"

"ఏదోలే పెణ్ణమ్మా. ముక్కలు వెయ్యి."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

కుంజప్పన్ గోళ్ళు చూసుకున్నాడు. అతనికీ తెలుసు! నా జట్టువాడికి కూడా తెలుసు.

"నేను మిమ్మల్ని ముష్టి అడిగానా? ఎవరు అడిగారు?"

"అది కాదే," అన్నారు ఈయన మెల్లగా. "పొద్దున లేస్తే నువ్వే మొహం కడుగుతావు, నువ్వే అన్నం పెడతావు, వీపు గోకాలన్నా నువ్వే. అలాంటి నీ మీద ఎలా పాడను చెప్పు?"

మామూలుగా అయితే ఆ మాటకు కరిగి నీరయ్యేదాన్ని. ముప్పై నాలుగేళ్ళలో ఇంత మంచి మాట ఆయన అనలేదు. కానీ ఆ మంచి మాట సరిగ్గా ఇక్కడే అనాలా?

"అన్నం పెట్టడం వేరు, ఇది వేరు," అన్నాను. "అక్కడ నేను మీ పెళ్ళాన్ని. ఇక్కడ నేను మీ శత్రువుని."

"మరి నీకేం కావాలి?"

"నన్ను తిట్టాలి! తప్పు వేస్తే తిట్టాలి, నా మీద పాడాలి, ఓడితే నాకూ ఆ పిందెలు కట్టాలి. ఆడేదాన్నైతే అందరిలా ఆడతాను. లేకపోతే వంటింట్లో బోలెడు పనుంది."

పేక బల్ల మీద పెట్టి లోపలికి వచ్చేశాను. కాసేపటికి వరండాలోంచి దివాకరన్ గొంతు, "టీ వస్తుందంటావా?" అని.

రాలేదు.

ఆగస్టు 13

ఆడలేదు. ఎంత హాయిగా ఉందో.

ఆగస్టు 14

ఆడలేదు. అలమర సర్దాను.

ఆగస్టు 16

అలమర మళ్ళీ సర్దాను.

ఆగస్టు 20

సైనుద్దీన్ వచ్చాడు. మనవడట. జీడిపప్పు హల్వా తెచ్చాడు. నాలుగో కుర్చీలో కూర్చున్నాడు. అది అతని కుర్చీయే కదా. నేను లోపల కూర్చుని పనసగింజలు వలిచాను. మావారు "ఇరవై!" అన్నారు. పాస్ అనాలి, ఆ గొంతులోనే తెలుస్తోంది చెయ్యి ఉత్తిదని. గోడకు ఇవతలి నుంచి నేను ఎవరికి చెప్పను?

గ్రంథాలయం వాళ్ళు ఓణం పోటీకి పేర్లు రాసుకుంటున్నారట. చతయం రోజున, అంటే తిరువోణం అయిన రెండో రోజున. దివాకరన్, వర్కి ఒక జట్టు. కుంజప్పన్, సైనుద్దీన్ ఒక జట్టు. నాకు చెప్పారు, ఊరికే, వార్త చెప్పినట్టు.

ఆగస్టు 29

కట్లు విప్పారు. చేతులు తెల్లగా, సన్నగా, ఎవరివో అన్నట్టున్నాయి. ముద్దు పెట్టుకున్నాను. రాశాక సిగ్గేసింది గానీ కొట్టెయ్యను.

వేళ్ళు బిగుసుకుపోయాయి. సాయంత్రం ముక్కలు పట్టుకోబోతే ఎనిమిదీ జారి నేల మీద పడ్డాయి, అన్నీ మొహాలు పైకి పెట్టి. కుంజప్పన్ తీరిగ్గా చదువుకున్నాడు. పోటీలో అరటిబోదె ఒప్పుకోరట.

"అయిపోయిందిరా మన ఓణం," అన్నాడు దివాకరన్.

ఆగస్టు 31

రేషన్ షాపు కట్టేసి దివాకరన్ వచ్చాడు. ఇద్దరూ వరండాలో చాలాసేపు గొణుక్కున్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"పెణ్ణమ్మా, నువ్వు నా బదులు కూర్చో. నేను వెనక నిలబడి దగ్గుతాను. ఒక్క దగ్గు పాస్, రెండు దగ్గులు..."

"ఇరవై," అన్నాను.

"అబ్బ, ఎలా కనిపెట్టావు?"

"కూర్చోను."

ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. అప్పుడు చెప్పాను. జట్టులో నా పేరు రాయాలి, వర్కి భార్య అని కాదు, పెణ్ణమ్మ అని. మావారు వెనక ఉండకూడదు, గేటు బయట ఉండాలి. ఓడితే కుణుక్కు నాకూ కట్టాలి.

"చేచ్చీ, అక్కడ ఊరంతా చూస్తుంది," అన్నాడు దివాకరన్. "ఓడినవాళ్ళను ఆ లోలాకులతో గ్రంథాలయం చుట్టూ తిప్పుతారు. చెండవాద్యం వాయిస్తూ మరీ."

"నాకు తెలుసు."

"ఆడవాళ్ళు ఇంతవరకూ ఎవరూ..."

"అదీ తెలుసు."

దివాకరన్ మావారి వంక చూశాడు. మావారు తన వేళ్ళు ముడిచి, విప్పి, ముడిచి చూసుకున్నారు. ఆయనకు ఆ పోటీ అంటే ప్రాణం. గెలిచినవాళ్ళకు ఇచ్చే అరటిగెల ఇంట్లో దూలానికి వేలాడదీసి నెలరోజులు చూపిస్తారు.

"గేటు బయట నుంచి కనిపిస్తుందా?" అన్నారు చివరికి.

"కనిపించదు."

"సరేలే," అన్నారు. చెప్పులేసుకుని పేరు రాయించడానికి ఆయనే వెళ్ళారు.

సెప్టెంబరు 2

తిరువోణం, అసలు పండగ రోజు. దివాకరన్ ఇంటి నుంచి పాయసం వచ్చింది. తిన్నానో లేదో గుర్తులేదు.

సెప్టెంబరు 4

అంతా రాస్తాను. చెయ్యి నొప్పి పుట్టినా సరే.

మొదటి రెండు ఆటలూ గెలిచాం. మొదటిదాంట్లో అవతల కుర్రవాళ్ళు నన్ను చూసి నవ్వుకున్నారు. రెండోదాంట్లో ఎవరూ నవ్వలేదు. ఆఖరి ఆటకు ఎదురుగా ఎవరు? కుంజప్పన్, సైనుద్దీన్. గ్రంథాలయం కిక్కిరిసిపోయింది. కిటికీ ఊచలకు వేలాడేవాళ్ళు కూడా ఉన్నారు. మావారు మాట మీద నిలబడి గేటు బయటే ఉన్నారు. లోపల ఏం జరిగినా కిటికీ దగ్గరవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటూ ఆయనకు చేరవేస్తున్నారట.

చెరో గింజ మిగిలింది. ఆఖరి పంపకం.

సైనుద్దీన్ పదిహేను అన్నాడు. దివాకరన్ పదిహేడు. కుంజప్పన్ నావంక చూసి, ముక్కలు చూసుకుని, "పాస్" అన్నాడు. జాలిపడి కాదు, అతని చేతిలో నిజంగానే ఏమీ లేదు. ఆ మొహం నాకు తెలుసు.

నా నాలుగు ముక్కలు: కళావర్ జాకీ, కళావర్ తొమ్మిది, కళావర్ ఆసు, ఆఠీన్ జాకీ.

దివాకరన్ పదిహేడు దగ్గర కుదురుగా ఉన్నాడు. పాస్ అంటే చాలు. ఇన్నాళ్ళూ మావారిని దేనికి వెక్కిరించానో అదే ఇప్పుడు నాలుక చివర ఉంది. తాటాకు మంటలాంటి ఆవేశం కాదది, లెక్క వేశాను. రెండుసార్లు వేశాను.

"ఇరవై," అన్నాను.

కిటికీ దగ్గర గోల. గేటు బయట నుంచి మావారి గొంతు వినిపించింది, "ఎవరు? ఎవరన్నారు?"

దివాకరన్ కళ్ళు మూసుకున్నాడు.

కళావర్ ఆసు బోర్లా పెట్టాను. తర్వాత వచ్చిన నాలుగూ ఏడులు, ఎనిమిదులు. ఒక్కటైనా పనికొచ్చేది లేదు. అయినా లాక్కొచ్చాను. పట్టు మీద పట్టు, ఒక్కో పాయింటూ లెక్కపెట్టుకుంటూ. ఆఖరి పట్టులో ఆఠీన్ పది బల్ల మీద పడింది. అది మాకు వస్తే గెలుపు. సైనుద్దీన్ మిగుల్చుకున్న తొమ్మిదితో దాన్ని ఎత్తుకుపోయాడు.

లెక్కపెట్టారు. పందొమ్మిది.

"బుద్ధుందా అసలు?" అని దివాకరన్ బల్ల గుద్దాడు. "పదిహేడు అన్నానా లేదా? చెవులున్నాయా? టెలిఫోన్ ఆఫీసులో అన్నేళ్ళు ఏం విన్నావు? పందొమ్మిది తెచ్చుకుని ఓడిపోయే జట్టు లోకంలో ఉంటుందా? మొగుడో పిచ్చివాడు, పెళ్ళాం వాడికి గురువు! నేనేం పాపం చేశాను, ఒకే కొంపలో ఇద్దరు దొరికారు నాకు!"

మీరు అనడం మానేశాడు. చేచ్చీ కూడా మానేశాడు.

"మూడు కళావర్లు చేతిలో పెట్టుకుని పాస్ అంటారా ఎవరైనా?" అన్నాను నేను కూడా గట్టిగా. "ఆ నాలుగూ మళ్ళీ వస్తే మళ్ళీ ఇరవయ్యే అంటాను!"

"అను! అను! నాతో మాత్రం కూర్చోకు!"

ఇంతలో గ్రంథాలయం సెక్రటరీ పళ్ళెంలో కుణుక్కులు తెచ్చాడు. ఈసారి చిన్న పిందెలు కావు, పిడికెడేసి ఉన్నాయి. దివాకరన్ తిడుతూనే చెవులు ముందుకు పెట్టాడు. కట్టేశారు. తర్వాత సెక్రటరీ నా ముందుకు వచ్చి ఆగిపోయాడు. రిటైరైన స్కూలు మాస్టారు, మర్యాదస్తుడు.

"అమ్మా, మీరు కూర్చోండి. ఆడకూతురికి ఇది బాగోదు. వర్కి ఉన్నాడుగా, మీ తరఫున అతను వేసుకుంటాడు. భార్య ఓడితే భర్త వేసుకున్నా ఒకటే."

అందరూ చప్పట్లు కొట్టారు. బాగుంది బాగుంది అన్నారు. "వర్కీ! వర్కీ!" అని పిలుపులు. మావారు గేటు దాటి లోపలికి వచ్చారు. జనం దారి ఇచ్చారు. పళ్ళెంలోంచి ఆ రెండు పిందెల్నీ ఆయనే తీసుకున్నారు. వేసుకుంటారు, నవ్విస్తారు, నన్ను ఇంటికి తీసుకెళ్ళిపోతారు, ప్రేమగానే. అంతా ప్రేమగానే అయిపోతుంది. ఏడుపొచ్చింది నాకు.

ఆయన సెక్రటరీ వైపు తిరిగారు.

"ఇరవై అన్నది నేనా?"

"కాదనుకో, కానీ..."

"మరి నాకెందుకు?"

నా ముందు నిలబడ్డారు. బిగుసుకుపోయిన ఆ వేళ్ళతో దారం పట్టుకోవడానికి అవస్థ పడ్డారు. ఒకసారి జారింది. నేను అందుకోబోతే, "కదలకు," అన్నారు. మళ్ళీ తీసి నా కుడిచెవికి చుట్టారు, తర్వాత ఎడమచెవికి. గట్టిగా బిగించారు. ఎంత బరువో! ఇన్నేళ్ళలో ఈయన నాకు కొన్న ఏ నగా అంత బరువు లేదు.

"పందొమ్మిది తెచ్చావా?" అన్నారు చెవిలో.

"ఆ."

"నాకెప్పుడూ పదహారు దాటలేదు," అన్నారు.

చెండ మోగింది. దివాకరన్ ముందు, వెనక నేను. గ్రంథాలయం చుట్టూ తిప్పారు. అడుగేస్తే పిందెలు బుగ్గలకు కొట్టుకుంటున్నాయి. కుంజప్పన్ అరటిగెల భుజాన వేసుకుని పక్కనే నడుస్తూ, "ఇరవై ఎంతమ్మా కిలో?" అని అరిచాడు. సైనుద్దీన్ ఈల వేశాడు. చర్చిలో నా పక్కన కూర్చునే ఏలియమ్మ నోరు తెరుచుకుని చూసింది. కిటికీలకు వేలాడిన కుర్రవాళ్ళు ఏవేవో కూశారు.

అందరూ నవ్వారు. దివాకరన్‌ని చూసి ఎంత నవ్వారో, నన్ను చూసీ అంతే నవ్వారు. ఒక్క పిసరు కూడా తగ్గించలేదు.